టమాటా క్రేట్‌లో చలికాలం

లేత మొక్కలను చలికాలం దాటించడం గురించి అంతర్జాలంలో దొరికే సలహాలలో ఎక్కువ భాగం మంచు కురిసే దేశాలవారు తమ అవసరం కొద్దీ రాసుకున్నవి. అక్కడ అక్టోబరులో ఇంట్లోకి చేరిన మొక్క మళ్లీ ఏప్రిల్ చివరకో మే నెలకో గాని గడప దాటదు. అందువల్ల వారికి ఒక గది, గది నిండా దీపాలు, కుండీల అడుగున వేడిచేసే పరుపులు, గాలిలో తేమ పెంచే యంత్రాలు కావలసి వస్తాయి. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా సునాబెడలో పరిస్థితి అది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పాదరసం 10 డిగ్రీల లోపుకు దిగే రోజులు తరచుగా వస్తాయి. అయినా అదే రోజు మధ్యాహ్నం పెరట్లో కాసేపు నిలబడితే స్వెటర్ విప్పేయాలనిపిస్తుంది. మన చలి రాత్రి చలి. మొక్కకు మనం ఇవ్వవలసిన రక్షణ సాయంత్రం నాలుగున్నర నుంచి మర్నాడు ఉదయం తొమ్మిది వరకే గాని ఆరు నెలల పాటు కాదు.

ఈ ఒక్క సంగతిని పట్టుకుంటే చోటు సమస్య సగానికి సగం తీరిపోతుంది. రెండు గదులు, వంటిల్లు ఉన్న క్వార్టర్సులో మొక్కలకు ప్రత్యేకంగా ఒక మూల కేటాయించడం ఎలాగూ కుదరదు, కుదరనక్కర్లేదు కూడా. పగలు ఎండలోనూ రాత్రి ఇంట్లోనూ ఉండగలిగేలా, ఒక మనిషి రెండు చేతులతో ఎత్తగలిగేంత మేరకు మొక్కల సంఖ్యను కుదించుకుంటే చాలు. నేను వాడేది కూరగాయల బజారులో టమాటాలు మోసే ప్లాస్టిక్ క్రేట్. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు ఉండే ఈ పెట్టెకు రెండు వైపులా చేయి పట్టే సందులు ఉంటాయి, పక్కల నుంచి గాలి ఆడుతుంది, అడుగున నీరు నిలవదు. లోతు ఎక్కువైతే గోడల నీడ మొక్కల మీద పడుతుంది కాబట్టి టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ ముక్కలను అడుగున రెండు వరుసలుగా పరచి, మొక్కలున్న ప్లాస్టిక్ కప్పుల అంచు క్రేట్ అంచుకు రెండు మూడు అంగుళాల లోపు వరకు వచ్చేలా ఎత్తు పెంచుతాను. ఆ థర్మాకోల్ చల్లటి గచ్చు నుంచి వేళ్లను కూడా కాపాడుతుంది. ఈ క్రేట్‌లో పట్టినన్ని మొక్కలే ఈ చలికాలానికి నా తోట. పట్టనిది ఎంత అందమైనదైనా బయటే ఉంటుంది.

కాబట్టి మొదట తేల్చుకోవలసినది ఏది లోపలికి రావాలన్నది. గులాబీకి, చేమంతికి ఈ కొండచలి వరం, వాటిని ముట్టుకోనక్కర్లేదు. మల్లె, సన్నజాజి, నందివర్ధనం ఆకులు దిగాలుగా వేలాడేసినా ఫాల్గుణంలో తేరుకుంటాయి. నర్సరీ బండి మీద మళ్లీ ఏడాది చవకగా దొరికేదాని కోసం చోటు ఖర్చు చేయడం దండగ. మా వైపు అమ్మే మొక్కల్లో చాలా భాగం కడియం ప్రాంతం నుంచి లారీల్లో కొండెక్కి వచ్చేవే కాబట్టి మామూలు క్రోటన్లకు, మనీప్లాంటుకు ఏనాడూ కరువుండదు. మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే రాదనీ, చెప్పకుండా తుంచుకొస్తేనే నిలుస్తుందనీ ఒక నమ్మకం ఎలాగూ ఉంది గనుక దానికి మా ప్రహరీగోడే విత్తన భాండాగారం.

లోపలికి రావలసినవి నా లెక్కలో నాలుగు రకాలు, అవీ పెద్ద కుండీలుగా కాదు, కోసి వేరు పట్టించిన చిన్న కొమ్మలుగా. మొదటిది కోలియస్, అదీ నాకు నచ్చిన ఆకురంగు ఉన్నవి మాత్రమే. గింజతో మొలిచిన కోలియస్ తల్లి రంగునే తెస్తుందన్న భరోసా లేదు. కొమ్మతో వచ్చినది అచ్చంగా తల్లే. రెండవది తమలపాకు తీగ. మూడవది ఢిల్లీ కనకాంబరం. సాధారణ మొక్కల కణంలో క్రోమోజోములు రెండేసి చొప్పున ఉంటే ఈ రకంలో మూడేసి ఉంటాయి, అందువల్ల గింజ కట్టదు. అంటే కొమ్మ బతికితేనే ఆ మొక్క మిగులుతుంది, లేకపోతే లేదు. మా వైపు ఆడవాళ్లు జడలో పెట్టుకునే మాలకు ఆ పూల రంగే కావాలంటారు కాబట్టి నాలుగు రకాల్లోనూ అగ్రతాంబూలం దీనిదే. నాలుగవది ఆకుల కోసం పెంచే బిగోనియాలు. వామాకును కూడా చేర్చవచ్చు గాని, దాని కొమ్మ ఒక్కటి వంటింటి కిటికీలో ఉంటే కుటుంబానికి సరిపోతుంది. అది మొండిది, తడి ఎక్కువైతే తప్ప చావదు.

జెరేనియంను ఈ జాబితాలో చేర్చకపోవడానికి కారణం ఉంది. విదేశీ తోటల పుస్తకాలన్నీ చలికాలం దాటించడం అనగానే జెరేనియంతో మొదలుపెడతాయి. మన కొండల్లో దానికి చలి ఇష్టమే. దాన్ని చంపేది ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు పైబడి కురిసే వాన. ఇక్కడ జెరేనియం కొమ్మలను కాపాడుకోవలసినది ఆషాఢ, శ్రావణ మాసాల నుంచి. పుస్తకంలోని నెలలను ఉన్నవి ఉన్నట్లుగా మన క్యాలెండరు మీద అంటించుకోవడం ఎందుకు పనికిరాదో ఈ ఒక్క మొక్క చెబుతుంది.

ఇక కొమ్మలు ఎప్పుడు తీయాలన్నది. చలి ముదిరాక, ఆకులు నల్లబడడం మొదలయ్యాక, కంగారుగా కత్తెర పట్టుకుని వెళ్లడం చాలామందిలో చూస్తాను. అప్పటికి ఆలస్యమైపోయినట్లే. వేరు పుట్టడానికి ఆకుకు కావలసినదాని కంటె మొదలుకు కావలసిన వెచ్చదనం ముఖ్యం. చాలా ఉష్ణమండలపు మొక్కల కొమ్మలకు వేరు పట్టే ఇసుక 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే పని చకచకా సాగుతుంది. 15 డిగ్రీలకు దిగితే వేరు రావడం మందగించి, ఈలోగా కోసిన చోట కుళ్లు ముందుగా చేరుతుంది. మా ఊళ్లో వానలు వెనుదిరిగి, రాత్రులు ఇంకా చల్లబడని వారాలు దసరాకు అటూ ఇటూ వస్తాయి. కొమ్మలు తీయవలసినది అప్పుడే. దీపావళి నాటికి వేరు పట్టిన మొక్కలు చేతికొస్తే, చలి నిజంగా మొదలయ్యే మార్గశిరానికి అవి తమ కాళ్ల మీద తాము నిలబడి ఉంటాయి. దసరాకు తల్లిమొక్క పచ్చగా, బలంగా, చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి దాన్ని కోయడానికి చేయి రాదు. ఆ మొహమాటమే ఆలస్యానికి అసలు కారణమని నా అభిప్రాయం.

అసలు కొమ్మకు వేరు ఎందుకు పుడుతుందో తెలిస్తే కోయడం కూడా తేలికవుతుంది. కొమ్మ కొసన ఉండే లేత చిగుళ్లలో ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోను తయారై కిందికి ప్రయాణిస్తూ ఉంటుంది. 1920లలో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ ధాన్యపు మొలకల మీద చేసిన ప్రయోగాలతో దీని సంగతి నిర్ధారణ అయింది. కొమ్మను కోయగానే ఆ ప్రవాహానికి దారి మూసుకుపోయి, కోసిన చోట ఆక్సిన్ పోగుపడుతుంది. అక్కడి కణాలు దాని ప్రభావంతో విభజన చెంది, బడి పుస్తకాల్లో మనం అబ్బురపు వేర్లు అని చదువుకున్నవాటికి మొదలవుతాయి. కణుపు దగ్గర ఇలా వేరుగా మారగల కణాలు, నిల్వ ఆహారం దండిగా ఉంటాయి కాబట్టి కణుపుకు సరిగ్గా కింద కోయమంటారు. పువ్వు మీద ఉన్న కొమ్మ తన ఆహారాన్ని పువ్వుకే పెడుతుంది కనుక మొగ్గ లేని కొమ్మను ఎంచుకోవాలి. కోలియస్‌కు అయితే ఆశ్వయుజంలో కొసన లేచే పూల కంకులను కొమ్మలు తీయడానికి రెండు వారాల ముందే గిల్లేయాలి.

కనకాంబరం ఉదాహరణగా చెబుతాను. ఉదయం ఎండ ఎక్కకముందు, కొమ్మలో నీరు నిండుగా ఉన్నప్పుడు, మరీ లేతగా వంగిపోనిదీ, బెరడు గోధుమరంగుకు తిరగనిదీ అయిన కొమ్మను చూస్తాను. వంచితే సాగుతూ వంగేది పనికిరాదు. కొద్దిగా బిగువుగా వంగి, వదిలితే వెనక్కు లేచేది కావాలి. స్పిరిట్‌తో తుడిచిన కొత్త బ్లేడుతో, నాలుగు అంగుళాల పొడవున, అడుగు కణుపుకు అర సెంటీమీటరు కింద నేరుగా కోస్తాను. కత్తెర కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, పైన ఒక జత ఆకులు, చిగురు మిగిల్చి, మిగిలిన ఆ జత ఆకులు పెద్దవైతే వాటిని అడ్డంగా సగానికి కత్తిరిస్తాను. వేరు లేని కొమ్మ నీరు తాగలేదు గాని ఆకుల గుండా నీటిని పోగొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి ఆకు వైశాల్యం తగ్గించడం ఒక్కటే మనం చేయగల పొదుపు. ఆకులన్నీ తీసేస్తే మరీ మంచిదనుకోకూడదు. పైనుంచి దిగివచ్చే ఆక్సిన్, పిండిపదార్థం ఆ ఆకుల నుంచే రావాలి.

పాతే మాధ్యమం విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. కడిగిన ఏటి ఇసుక, కోకోపీట్ సమంగా కలిపితే చాలు. కోకోపీట్ ఇటుకను మాత్రం ముందుగా రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి పారబోయాలి. కొబ్బరి పీచు పొట్టులో ఉప్పు మిగిలి ఉంటే లేత వేరు కొస మాడిపోతుంది. ఎరువు, పశువుల గెత్తం, వంటింటి కంపోస్టు ఈ దశలో వద్దు. చోటు ఆదా కోసం ఒక్కో కొమ్మకు ఒక్కో కప్పు ఇవ్వకుండా, అర లీటరు పెరుగు డబ్బాకు అడుగున, పక్కల కన్నాలు పెట్టి, అంచు వెంబడి ఐదారు కొమ్మలు గుండ్రంగా గుచ్చుతాను. డబ్బా నడుమ కంటె అంచున నీరు త్వరగా ఇంకి, గాలి బాగా ఆడుతుంది, వేరు కూడా అక్కడే ముందు పడుతుంది. కప్పుకు ఒకటి చొప్పున వేసినవాళ్లకు గది కావాలి. డబ్బాకు ఆరు వేసినవాళ్లకు పుస్తకాల బీరువాలో ఒక అర చాలు.

కోలియస్, తమలపాకు నీళ్లలోనే వేళ్లు వేస్తాయి గనుక సీసాలో పెట్టడం తేలిక అని చాలామంది అంటారు. తేలికే, వేళ్లు కంటికి కనపడతాయి కాబట్టి పిల్లలకు కూడా సరదాగా ఉంటుంది. నీటిలో పుట్టిన వేరు మాత్రం పెళుసుగా, నూగు తక్కువగా ఉంటుంది. మట్టిలోకి మార్చినప్పుడు దాని బదులు మరో తరం వేళ్లు పుట్టవలసి వస్తుంది. అందుచేత సీసాలో వేళ్లను గుబురుగా పెరగనివ్వకుండా అంగుళం పొడవు రాగానే మట్టిలోకి మార్చాలి. నీటిని రెండు రోజులకొకసారి మార్చడం, సీసాకు కాగితం చుట్టి పాచి పట్టకుండా చూడడం తప్పదు. తమలపాకు తీగ కణుపుల దగ్గర గోడను పట్టుకునే వేళ్లు ముందుగానే ఉంటాయి కాబట్టి దాన్ని మూడు కణుపుల ముక్కగా కోసి, తడి ఇసుకలో రెండు కణుపులు మునిగేలా పడుకోబెడితే చాలు, సీసా అవసరమే లేదు.

వేరు పట్టే వరకు ఈ డబ్బాలు ఉండవలసినది మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో. స్వీట్ల దుకాణంలో పార్సెల్‌కు వాడే పెద్ద పెట్టె గాని, బట్టలు దాచుకునే ప్లాస్టిక్ పెట్టెను తలకిందులు చేసి మూత మీద డబ్బాలు పెట్టినా గాని సరిపోతుంది. ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. లండన్‌లో వైద్యుడుగా ఉన్న నథానియల్ వార్డ్ మూత బిగించిన గాజు సీసాలో ఫెర్న్ మొక్క తనంతట తాను మొలిచి బతకడం గమనించి, గాజు పెట్టెలు చేయించి, 1833లో వాటిలో మొక్కలను ఓడ మీద సిడ్నీకి పంపాడు. నెలల తరబడి సాగిన ప్రయాణంలో అవి నిక్షేపంగా బతికాయి. ఆ తరువాత చైనా నుంచి తేయాకు మొక్కలు మన హిమాలయ ప్రాంతానికి చేరినది అలాంటి పెట్టెల్లోనే. ఆకు వదిలిన ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ ఇసుకలోకే జారుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే వేరు లేని కొమ్మ వాడిపోదు. పెట్టె మీద నేరుగా ఎండ పడితే మాత్రం అరగంటలో లోపల కొమ్మలు ఉడికిపోతాయి. వెలుతురు కావాలి, ఎండ వద్దు.

వేరు హార్మోను పొడి కొనాలా వద్దా అన్నది తరచుగా అడిగే ప్రశ్న. కోలియస్, తమలపాకు, వామాకులకు అక్కర్లేదు. కనకాంబరానికి, మందారానికి, క్రోటన్‌కు ఉపయోగపడుతుంది. ఆ పొడిలో ఉండేది ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం. లేత కొమ్మలకు 0.1 శాతం, కాస్త ముదిరిన కొమ్మలకు 0.3 శాతం ఉన్నది సరిపోతుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ వేళ్లు రావు సరికదా మొదలు నల్లబడుతుంది. ప్యాకెట్‌లోనే కొమ్మను ముంచితే తడి తగిలి మిగతా పొడి పాడవుతుంది. చిటికెడు కాగితం మీద పోసుకుని అద్ది, మిగిలినది పారేయాలి. దాల్చినచెక్క పొడి బూజును కొంత అదుపు చేస్తుందేమో గాని వేరు పుట్టించదు, తేనెలో ఆక్సిన్ లేదు. కొబ్బరినీళ్లలో ముంచమని చెప్పే వీడియోలు మన భాషలో లెక్కలేనన్ని ఉన్నాయి. కొబ్బరినీళ్లలో ఉన్నవి సైటోకైనిన్లు అనే వేరే రకం హార్మోన్లు. కణజాల వర్ధన ప్రయోగశాలల్లో వాటిని వాడడం నిజమే. వాటి పని ప్రధానంగా కణవిభజననూ రెమ్మలనూ ప్రోత్సహించడం, పైగా వేరు పుట్టడానికి అవి అడ్డుపడతాయి. ఆ నీళ్లలోని చక్కెర బూజుకు విందు. కొబ్బరినీళ్లు మనం తాగడం మేలు.

దసరా రోజుల్లో వేడి కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఆలస్యమై కార్తీకంలో కొమ్మలు తీయవలసి వస్తే, ఇంట్లో అడుగు నుంచి నిలకడగా వెచ్చదనమిచ్చే చోటు ఫ్రిజ్ పైభాగం. కొన్ని కొత్త ఫ్రిజ్‌లలో వేడి పక్కగోడల గుండా పోతుంది. చేయి పెట్టి చూసుకుంటే తెలుస్తుంది. ఇన్వర్టర్ మీద, వైఫై పెట్టె మీద డబ్బాలు పెట్టడం నేను ఒప్పుకోను. అవి వెచ్చగా ఉండేమాట నిజమే అయినా తడి ఇసుక, కరెంటు ఒకచోట ఉండకూడదు. ఫ్రిజ్ మీద పెట్టినా కింద నీరు జారని పళ్లెం ఉండాలి.

వేరు పట్టిందీ లేనిదీ తెలుసుకోవడానికి పైన చిగురును చూసి మోసపోకూడదు. కొమ్మ తనలో ఉన్న నిల్వతోనే రెండు చిన్న ఆకులు వేయగలదు. ఆకు పట్టుకుని అతి మెల్లగా పైకి లాగితే అడుగు నుంచి పట్టు తెలియాలి. డబ్బా కన్నాల్లోంచి తెల్లటి కొస కనబడితే ఇక సందేహమే లేదు. కోలియస్‌కు ఒకటి రెండు వారాలు, కనకాంబరానికి మూడు నాలుగు వారాలు, క్రోటన్‌కు నెల పైనే పడుతుంది.

ఇక్కడి నుంచి పని స్వభావమే మారిపోతుంది. చాలా ఇళ్లలో కొమ్మలు పోయేది ఈ మలుపులోనే. వేరు పట్టించేటప్పుడు మొక్కకు కావలసినవి మూసిన పెట్టె, నిండు తేమ, అడుగున వెచ్చదనం. చలికాలం దాటించేటప్పుడు కావలసినవి ఆడే గాలి, మితమైన తడి, దండిగా వెలుతురు. వేరు పట్టిన కొమ్మను బాగా ఉంది కదా అని పెట్టెలోనే ఉంచేస్తే పల్చటి కాండంతో సాగిపోయి, మొదటి చలిరాత్రికే కుళ్లుతుంది. పెట్టె మూతను మొదట గంట, తరువాత పూట, తరువాత రోజంతా తీసి ఉంచుతూ వారంలో బయటి గాలికి అలవాటు చేయాలి. ఆ తరువాత ఒక్కొక్కటిగా చిన్న కప్పుల్లోకి మార్చి క్రేట్‌లోకి ఎక్కించాలి. ఇప్పుడు కూడా కుండీ ఎంత చిన్నదైతే అంత మంచిది. పెద్ద కుండీలో వేరు అందుకోలేని మట్టి తడిగా, చల్లగా ఉండిపోతుంది. మట్టి కుండీల మీద ఎంత మక్కువ ఉన్నా ఈ మూడు నెలలు ప్లాస్టిక్ కప్పులే మేలు. వేసవిలో కూజా నీళ్లను చల్లబరిచినట్లే మట్టి కుండీ గోడలోంచి ఊరే తడి ఆవిరవుతూ వేళ్లను మరింత చల్లబరుస్తుంది.

మా వీధిలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ ఒకరున్నారు. ఎవరి ఇంట్లో మొక్క పోయినా మట్టిని వేలితో నొక్కి చూసి, "చలికి కాదమ్మా, నీళ్లకి పోయింది" అంటారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆవిడ మాటే నిజమవుతుంది. ఉష్ణమండలపు మొక్కలకు మంచు గడ్డకట్టనక్కర్లేదు; సుమారు 10, 12 డిగ్రీల దగ్గరే వాటి కణాల పైపొరల్లోని కొవ్వు పదార్థం బిగుసుకుని, పొరలు నీటిని, లవణాలను పట్టి ఉంచలేక కారడం మొదలుపెడతాయి. ఆకు మీద నీరుకారినట్లు కనబడే మచ్చ, మర్నాటికి నల్లబడడం దాని గుర్తు. అంత చలిలో వేళ్లు నీరు పీల్చడం దాదాపు మానేస్తాయి. చల్లటి, తడిసిన మట్టిలో ఊపిరాడని వేరును పిథియం వంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు సులువుగా పట్టుకుంటాయి. పైన ఆకు వాడిపోయినట్లు కనిపిస్తుంది. చూసినవారు నీరు చాలలేదనుకుని ఇంకో గ్లాసు పోస్తారు. చలికాలంలో వాడిన ఆకును చూసి నీరు పోయకూడదు, కప్పును ఎత్తి బరువు చూసి పోయాలి. కప్పు తేలికగా ఉంటేనే, అదీ ఉదయం పది తరువాత, గోరువెచ్చని నీటితో, రాత్రికి పైమట్టి ఆరేలా. ఎరువు శివరాత్రి దాటే వరకు తలపెట్టవద్దు. ఎదగకుండా ఉన్నచోటే ఉండడమే ఈ రోజుల్లో మొక్క చేయవలసిన పని. ఒకటి రెండు కింది ఆకులు పసుపుబారి రాలితే బెంగ పెట్టుకోనక్కర్లేదు.

వెలుతురు విషయంలో మన అక్షాంశం మనకు సాయం చేస్తుంది. డిసెంబరు మూడవ వారంలో మా ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు దిగంతం నుంచి 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి, దక్షిణపు వరండాలోంచి ఎండ లోపలి దాకా వస్తుంది. అదే కిటికీలోకి జూన్‌లో ఎండ చుక్క కూడా రాదు. వేసవిలో మొక్కలకు పనికిరాదని వదిలేసిన చోటే చలికాలంలో పనికొస్తుంది. ఉత్తరపు కిటికీ ఈ నెలల్లో వృథా. పగలు క్రేట్‌ను బయటపెట్టే వీలు లేనివారు, ఉద్యోగాలకు పొద్దున్నే వెళ్లిపోయేవారు, దక్షిణపు కిటికీకి ఆనించి స్టూలు మీద ఉంచి వెళ్లవచ్చు. కిటికీకి రెండు మూడు అడుగుల దూరం జరిపితే మనకంటికి పెద్ద తేడా తెలియదు గాని మొక్కకు అందే వెలుతురు చాలా పడిపోతుంది. పొగమంచు పది గంటల దాకా వదలని రోజులు వరసగా వచ్చినప్పుడు నేను 20 వాట్ల తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్ ఒకటి బీరువా అర కింద బిగించి, ఆకుల పైన జానెడు ఎత్తున ఉండేలా చూసి, దాని కింద క్రేట్‌ను నెడతాను. రోజుకు 12 గంటలు వెలిగినా నెలకు ఏడున్నర యూనిట్లు దాటదు. గులాబీ, ఊదా కలిసిన వెలుగునిచ్చే ఖరీదైన గ్రో లైట్లు ఇంత చిన్న పనికి అనవసరం. ఆ వెలుగులో ఆకు పచ్చగా ఉందో పసుపుబారిందో కూడా తెలిసి చావదు.

రాత్రిపూట క్రేట్ ఎక్కడుండాలన్నదానికి ఒకటే నియమం. గాజుకు దూరంగా, గచ్చుకు ఎత్తుగా. కిటికీ అద్దం రాత్రి గదిలో అన్నిటికంటె చల్లటి వస్తువు. దానికి తగిలిన ఆకు తగిలినంత మేర నల్లబడుతుంది. పరదాకు, అద్దానికి మధ్య మొక్కను వదిలేసి పడుకుంటే బయట పెట్టినదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. మా ఇంట్లో క్రేట్ రాత్రి భోజనాల బల్ల మీద ఉంటుంది. భోజనాలయ్యాక ఎక్కి, కాఫీలకు ముందు దిగుతుంది. బయటే ఉండిపోవలసిన పెద్ద కుండీల మీద సన్నటి పాలిథిన్ కప్పి నిశ్చింతగా ఉండేవారికి ఒక మాట చెప్పాలి. నిర్మలమైన ఆకాశం ఉన్న రాత్రి ఆకు తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, పల్చటి పాలిథిన్ ఆ కిరణాలను చాలావరకు ఆపలేదు. పాత దుప్పటి గాని గోనెపట్టా గాని ఆకులకు తగలకుండా నాలుగు కర్రల మీద కప్పితే అంతకంటె ఎన్నో రెట్లు మేలు. ఉదయం తీయడం మాత్రం మరచిపోకూడదు.

ఇంట్లోకి తెచ్చిన మొక్కలతో పాటు పురుగులూ వస్తాయి, బయట వాటిని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు రావు. కోలియస్ కణుపు సందుల్లో దూదిలా కనిపించేది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటి తుడిచేస్తే, క్రేట్ చిన్నది కాబట్టి పావుగంట పని. పొడిగాలికి ఎర్రనల్లి వస్తే ఆకు అడుగున సన్నటి గూడు, పైన సూది గుచ్చినట్లు తెల్లటి చుక్కలు కనబడతాయి. ఆకులను అడుగు వైపు నీళ్లతో కడిగి, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి ఎండ తగ్గాక పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. మట్టి మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతున్నాయంటే అది పురుగు మందు కోసం వెతికే సమయం కాదు, నీళ్లు ఎక్కువయ్యాయన్న కబురు.

కలాడియం వంటి దుంప మొక్కలు ఉన్నవారు వాటికి చోటు వెతకనక్కర్లేదు. ఆకులు ఎండిపోగానే దుంపలు తవ్వి, మట్టి దులిపి, కాగితంలో చుట్టి, వంటింటి అటక మీద పొడిగా పడేస్తే ఉగాదికి తీసి పాతుకోవచ్చు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా కొండ మీద అది ఆ మాట అనడానికి ఇంకో వారం తీసుకుంటుంది. అప్పటి నుంచి క్రేట్‌ను రాత్రి కూడా వరండాలోనే ఉంచి, మొక్కల కొసలు గిల్లి, మొదటిసారి పల్చటి ఎరువు నీళ్లు పోయాలి. గిల్లిన కొసలను పారేయనక్కర్లేదు. ఫాల్గుణపు వెచ్చదనంలో కోలియస్ కొసలు వారం పది రోజుల్లో వేళ్లు వేస్తాయి కాబట్టి అదే స్వీట్ల పెట్టెలో గుచ్చితే ఒక్కో మొక్క రెండు మూడవుతుంది, ఇరుగుపొరుగుకు పంచడానికి మిగులుతాయి. కనకాంబరాన్ని కప్పు నుంచి కుండీలోకి మార్చేటప్పుడు వేరు గడ్డను విడదీయకుండా, వేరుపురుగు బెడద లేని కొత్త మట్టిలో, గుప్పెడు వేపపిండి కలిపి నాటాలి. తమలపాకుకు నీడ, పాకడానికి ఒక కర్ర కావాలి. క్రోటన్ కొమ్మలు చలిలో వేరు పట్టక ఇసుకలో పచ్చిగానే నిలబడి ఉంటే వాటిని పెరికి చూడకుండా ఉగాది దాకా ఆగవచ్చు. మొదలు గట్టిగా ఉన్నంత కాలం అవి బతికి ఉన్నట్లే.